వేద – అంబురాశి – నిధి: వేంగి చాళుక్య శాసనాలలో సంఖ్యాపదాల వ్యాకరణం

వేంగి చాళుక్యుల తామ్రశాసనాలలో పట్టాభిషేక సంవత్సరాన్ని కొన్నిచోట్ల అంకెలలో చెక్కలేదు. కొండలు, రసాలు, వసువులు, వేదాలు, సముద్రాలు వరుసగా వస్తాయి. వాటిని చదువరి అంకెలుగా మార్చుకోవాలి. భూతసంఖ్యలని పేరొందిన ఈ పద్ధతిని వ్యాసకర్తలు తరచు ఒక పదపట్టికగా పరిచయం చేసి విడిచిపెడతారు. పట్టిక కంఠస్థమైనంత మాత్రాన శాసనం చదవడం రాదు. గణకులూ కవులూ కలిసి కల్పించుకొన్న ఈ సంకేతభాషకు నిఘంటువుతోపాటు వ్యాకరణమూ ఉంది. కృష్ణా గోదావరుల నడుమ నేలను ఏలిన రాజుల కాలక్రమం చాలావరకు ఆ వ్యాకరణం మీదనే నిలిచింది.

నిఘంటుభాగం తేలిక. చంద్రుడు ఒకటి, నేత్రం రెండు, అగ్ని మూడు, వేదం నాలుగు, బాణం అయిదు, రసం ఆరు, గిరి ఏడు, వసువు ఎనిమిది, నిధి తొమ్మిది, ఆకాశం సున్న. రుద్ర, సూర్య పదాల వంటివి పదకొండు, పన్నెండుగా రెండేసి స్థానాలను ఆక్రమిస్తాయి. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇటువంటి సంజ్ఞలను కూర్చాడు. ఆ గ్రంథాన్ని పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించాడు. ఏ పదానికైనా పర్యాయపదం చెల్లుతుంది గనుక ఛందస్సుకు ఇబ్బంది లేదు. లేఖకుడు అంకె తప్పు చెక్కితే పట్టుకోవడం కష్టం. పదం మారితే వృత్తమే చెడి తప్పును బయటపెడుతుంది.

అసలు చిక్కు పదక్రమంతో మొదలవుతుంది. మొదట చెప్పిన పదం ఒకట్ల స్థానానిది. అంకెలు ఎడమకు నడుస్తాయి. విజయవాటికలోని, అనగా నేటి విజయవాడలోని, జినాలయాలకు దానమిచ్చిన రెండవ అమ్మరాజు పట్టాభిషేక వత్సరం గిరి, రస, వసు పదాలలో ఉంది. నియమం ప్రకారం అది శకం 867, అనగా క్రీ.శ. 945. నియమం తెలియనివాడు 768 అని చదివితే క్రీ.శ. 846 వస్తుంది. వేంగిలో అప్పటికే చాళుక్యులే ఏలుతున్నందున ఆ తప్పు పైకి తప్పుగా కనిపించదు. రాజు మాత్రం తొంభైతొమ్మిదేండ్లు వెనక్కు జరిగిపోతాడు. దీనిని పట్టించేది ఇతర సాక్ష్యం. ఈ వంశపు ప్రశస్తులు కుబ్జవిష్ణువర్ధనుని మొదలు ఒక్కొక్క రాజు ఎన్నేండ్లు ఏలినదీ చెబుతాయి. పైగా అమ్మరాజు శ్లోకం మార్గశిర బహుళ త్రయోదశి, శుక్రవారం, అనూరాధా నక్షత్రం అని తిథివారాలనూ ఇస్తుంది. అవి 945 డిసెంబరు 5కు సరిపోతాయి.

పదక్రమం కుదిరినా నానార్థాలు మిగులుతాయి. విమలాదిత్యుని రణస్తిపూండి శాసనంలో అనల, అనల, రంధ్ర పదాలున్నాయి. రంధ్రానికి తొమ్మిదనీ సున్న అనీ రెండర్థాలు. ఇక్కడ అది చివరిపదం, అంటే వందల స్థానం. అక్కడ సున్న నిలవదు గనుక శకం 933 అని స్థానమే నిర్ణయిస్తుంది.

రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనంలో అటువంటి ఆసరా లేదు. వేద, అంబురాశి, నిధి అన్న పదాలలో వేదం నాలుగు, నిధి తొమ్మిది. సముద్రం మాత్రం నాలుగూ కావచ్చు, ఏడూ కావచ్చు. నాలుగైతే శకం 944, క్రీ.శ. 1022; ఏడైతే శకం 974, క్రీ.శ. 1052. రెండూ వ్యాకరణసమ్మతాలే. ఈ ముప్పైయేండ్ల తేడా తెలుగు సాహిత్య చరిత్రకు చిన్న విషయం కాదు. నారాయణభట్టుకు దానమిచ్చిన నందంపూడి శాసనం ఆ రాజు 32వ పాలనావర్షానిది; దానిని రచించినవాడు నన్నయభట్టు. 1022 నుంచి లెక్కిస్తే అది 1053 ప్రాంతానికి వస్తుంది. 1052 నుంచి లెక్కిస్తే 1083కు పోతుంది. అప్పటికి రాజరాజు కుమారుడు కులోత్తుంగుడు చోళ సింహాసనమెక్కి పదేండ్లు దాటింది. కనుక అంబురాశికి నాలుగే అర్థం. సింహరాశిలో రవి, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం అన్న వివరాలూ 1022 ఆగస్టు 16తో పొసగుతాయి.

ఈ భాష వేంగికే పరిమితం కాదు. జావాలోని చంగల్ శాసనం శ్రుతి, ఇంద్రియ, రస పదాలతో శకం 654ను చెబుతుంది. రాజరాజు ఏలుతున్న కాలంలోనే, 1030 ప్రాంతంలో, అల్‌బిరూనీ భారతదేశాన్ని గురించిన గ్రంథంలో ఈ పదాలను ఎత్తి చూపాడు. పరదేశి గనుక అతనికి పట్టిక అవసరమైంది. వేంగి శాసనకవి మాత్రం అర్థం ఎక్కడా విప్పిచెప్పలేదు; అంబురాశి ఎన్నో తన చదువరికి తెలుసునన్న నమ్మకంతోనే శ్లోకాన్ని ముగించాడు.