పంచ్, గ్రాగ్, టానిక్: కలిపి తాగడం వెనుక కథ

క్యాంటీన్ కోటా గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆ రమ్ములోనో జిన్నులోనో ఇంట్లో ఉన్న నిమ్మకాయ, పంచదార, సోడా కలిపి ‘కాక్‌టెయిల్’ అంటున్నామే, ఆ అలవాటు ఎక్కడిది? నేను చదివి తెలుసుకున్నంతలో అది పెద్ద హోటళ్ళలో పుట్టింది కాదు. ఓడల మీద, కంటోన్మెంట్లలో, చేతికందిన సరుకుతో మొదలైంది. అందులో మన తెలుగు తీరానికీ వాటా ఉంది.

ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. ఆ తీరంలోనే పెటపోలి, అంటే ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నంలో కూడా వాళ్ళ వర్తకులుండేవారు. 1632లో పెటపోలి వర్తకుడొకరికి వచ్చిన ఉత్తరంలో ‘పంచ్’ అనే పానీయం మాట ఉంది. ఇంగ్లీషులో ఆ మాటకి దొరికిన తొలి దాఖలాల్లో అదొకటి. పంచ అంటే ఐదు కదా, ఆ పేరు అందులోంచే వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. ఆ ఐదూ ఏమిటంటే సారా, పంచదార, నిమ్మరసం, నీళ్ళు, మసాలా దినుసు. అన్నీ మన బజార్లో దొరికేవే!

ఇక గ్రాగ్ సంగతి. బ్రిటిష్ నేవీలో నావికుడికి రోజుకి అర పైంటు రమ్ము రేషను. ఒక్క గుక్కలో తాగేసి పనికి రాకుండా పోయేవాళ్ళు ఎక్కువయ్యారు. వెస్టిండీస్‌లో ఉన్న అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ 1740 ఆగస్టులో ఆర్డరు వేశాడు: అర పైంటు రమ్ములో నాలుగింతల నీళ్ళు, అదీ అందరి ఎదుటా కలపాలి, రోజుకి రెండు విడతలుగా ఇవ్వాలి. కావాలంటే నిమ్మరసం, పంచదార సొంతంగా కొని కలుపుకోవచ్చు. ఆయన తొడిగే గ్రోగ్రామ్ కోటు వల్ల ‘ఓల్డ్ గ్రాగ్’ అని ముద్దుపేరు. ఆ పేరే పానీయానికీ వచ్చింది. 1747లో డాక్టర్ జేమ్స్ లిండ్ ఓడ మీద 12 మంది స్కర్వీ రోగులపై పరీక్ష చేసి, నారింజ, నిమ్మ గుణాన్ని చూపించాడు. ఆ నేవీలో రమ్ము రేషను 1970 జూలై 31న ఆగిపోయింది.

మూడోది టానిక్. మన దేశంలో తెల్ల సోల్జర్లని మలేరియా పీడించేది. మందు క్వినైన్, భరించలేని చేదు. చేదు తెలియకుండా సోడా, పంచదార కలిపిన టానిక్ వాటర్ 19వ శతాబ్దంలో వచ్చింది, దానికి జిన్ను తోడైంది. ఆ మలేరియాని దోమ మోసుకొస్తుందన్న రుజువు రోనాల్డ్ రాస్‌కి దొరికింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఇప్పటి టానిక్ వాటర్లో క్వినైన్ రుచికి మాత్రమే. దాన్ని మందనుకోకండి.

ఈ కథలన్నిట్లో నాకు కనిపించేది ఒక్కటే. గ్రాగ్‌లో నీళ్ళు కలిపింది మత్తు పెంచడానికి కాదు, తగ్గించడానికి. మెస్సులో కొలత ఉంటుంది, టైము ఉంటుంది, పక్కన సీనియర్ ఉంటాడు. రిటైరై ఇంటికొచ్చాక సీసా ఉంటుంది గానీ ఆ కొలత ఉండదు. ఆ బాధ పడేది ఇంట్లోవాళ్ళు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఊరికే కాదు.

చలికి రమ్ము మంచిదన్న మాట కూడా సగమే నిజం. వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది.

ఎవరైనా ఇంట్లో కలుపుకోవాలంటే నేను చెప్పేది పాత పద్ధతే: కొలిచి 30 మి.లీ. రమ్ము, నాలుగింతల వేడినీళ్ళు, నిమ్మరసం, కొంచెం బెల్లం, దంచిన అల్లం లేదా రెండు మిరియాలు. అంతటితో సీసా లోపల పెట్టెయ్యాలి. వద్దనుకునేవాళ్ళకి రమ్ము తీసెయ్యండి. మిగిలేది బెల్లం, మిరియాలు, నీళ్ళు. అదే మన శ్రీరామనవమి పానకం. దానికి ఏ కోటా అక్కర్లేదు, పిల్లలతో సహా అందరం కలిసి తాగొచ్చు.