భాగ్యనగర పరిసరముల నిలువుగుండ్లు – వాని ఐతిహ్యములు

చార్మినారునకు పడమటగా సాగు లాడ్ బజారు లక్కగాజులకు ప్రసిద్ధి గాంచిన వీధి. పెండ్లి సామగ్రికై వచ్చువారి చూపు గాజుల మీదనే నిలుచుట సహజము. కాని ఆ వీధి మొదట నిలిచి దక్షిణముగా చూచినవారికి మక్కా మసీదు గ్రానైటు గోడలు కనబడును. ముహమ్మదు కుతుబ్ షా కాలమున (1612–1626) ఆరంభమైన ఆ కట్టడము ఔరంగజేబు కాలమున 1694లో ముగిసినది. అందలి ప్రార్థనా స్థానపు మహాశిలను ఐదారు వందల మంది ఐదేండ్లు తొలిచిరనియు, దానిని లాగుటకు 1,400 ఎద్దులు కావలసివచ్చెననియు 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తాను విన్న మాటగా వ్రాసియున్నాడు. రాయి కదలిన చోట ఇట్టి కథ పుట్టినది. మరి రాయి కదలక నిలిచిన చోట పుట్టిన కథలెట్టివి? అవి చరిత్రకారునకు ఏమి చెప్పగలవు? ఈ వ్యాసమున విచారింపదలచిన విషయమిది.

మసీదునకు రాయి నిచ్చిన ఈ శిలాజాతియే నగరమునకు నలుప్రక్కల గుట్టలుగా నిలిచియున్నది. ఆ గుట్టలపై గుండు మీద గుండు, పేర్చినట్లు, చేయి తగిలిన దొర్లిపోవునట్లు కనబడును. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున ఘనీభవించిన ఈ రాయి, పైపొరలు అరిగి భారము తగ్గుకొలది, నిలువుగను అడ్డముగను పగుళ్లు వారినది. ఆ పగుళ్లలో నీరు చేరి రాతిని మెత్తపరచినది. మూలలకు తాకిడి ఎక్కువ గనుక అవి ముందుగా కరగి, దిమ్మెలు గుండ్రనైనవి. మెత్తబడిన భాగము మట్టియై వానలకు కొట్టుకొనిపోగా, గట్టి నడిభాగములు ఉన్నచోటనే నిలిచిపోయినవి. కావున ఈ గుండ్లు ఒకరు పేర్చినవి కావు, పైనుండి పడినవియు కావు. చుట్టునున్నది పోగా మిగిలినవి.

జనశ్రుతి దీనికి భిన్నముగా చెప్పును. సృష్టి ముగించిన దేవుడు మిగిలిన రాళ్లను ఇచ్చట పారబోసెనని యొక కథ. శ్రీరాముని సేతువునకు మోసికొనిపోవుచుండగా జారిపడిన రాళ్లివి యని మరియొకటి. రెండింటియందును రాతిని తెచ్చిన చేయి యొకటి ఉన్నది. మామల్లపురమున ఏటవాలు బండపై నిలిచిన గుండును కృష్ణుని వెన్నముద్ద యనుటలోను ఈ భావమే కలదు. నిలువరానిది నిలిచియున్నప్పుడు నిలిపినవాడెవడని మనస్సు వెదకును.

స్థలవిశేషముతో ముడిపడిన ఐతిహ్యములు ఇంతకంటె విలువైనవి. గోలకొండ అను పేరును గొల్లకొండ నుండి వచ్చినదిగా చెప్పుదురు. గొల్లవానికి ఈ రాతికొండపై విగ్రహము దొరకెనని కథ. ఆ కొండమీది జగదంబ ఆలయమునందే నేటికిని ఆషాఢమాసపు బోనాలు మొదలగుచున్నవి. బండనే మైసమ్మగా భావించి పసుపు కుంకుమలు పూయు ఆచారము తెలంగాణమున విస్తారముగా కలదు. సికిందరాబాదున బండమైసమ్మ అను పేరే నిలిచియున్నది. ఖాజాగూడ గుట్టలయందు బాబా ఫక్రుద్దీను దర్గాయు, అనంతపద్మనాభస్వామి ఆలయమును ఒకే రాతి నీడలో ఉన్నవి.

వీనిలో కాలనిర్దేశము గలది మౌలాలి గుట్ట ఐతిహ్యము. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కొలువులోని యాఖూత్ అను నపుంసక సేవకునకు స్వప్నమున ఆకుపచ్చని వస్త్రములు ధరించిన పురుషుడొకడు కనబడి, హజ్రత్ అలీ పిలుచుచున్నాడని తోడ్కొనిపోయెనట. అలీ గుట్టపై కూర్చుండి యొక రాతిపై చేయి మోపియుండెను. మరునాడు యాఖూత్ గుట్ట నెక్కి చూడగా రాతిపై ఆ చేతి గుర్తు కనబడెను. ఆ భాగమును చెక్కించి, అచ్చట నిర్మించిన కమానులో నిలిపిరని చెప్పుదురు. సంప్రదాయము ఈ సంఘటనను 1578లో ఉంచును. చార్మినారు నిర్మాణము 1591. అనగా ఐతిహ్యము ననుసరించి ఈ గుట్ట పవిత్రత నగరముకంటె 13 ఏండ్లు పెద్దది.

స్వప్నమును చరిత్రగా స్వీకరింపజాలము. కాని దానిని త్రోసివేయుటయు శాస్త్రీయము కాదు. ఐతిహ్యము సంఘటనకు సాక్ష్యము కాకపోయినను, సంబంధమునకు సాక్ష్యము. ఏ గుట్టకు ఎవరు ఎక్కిరో, ఏ రాతిని ఎవరు తమదనుకొనిరో అది చెప్పును. అంతకుమించి, ఆ సంబంధము రాతి భవితవ్యమును కొంతవరకు నిర్ణయించినది. చేతి గుర్తు గల రాతికి కమాను కట్టిరి. అమ్మవారైన బండకు ప్రదక్షిణము చేసిరి. కథ లేని గుండు కంకరయైనది. నగరము పడమటికి బంజారా హిల్సు, జూబిలీ హిల్సు, రాయదుర్గము, గచ్చిబౌలి దిశగా పెరిగిన కొలది అట్టి గుండ్లు లెక్కకు మించి పగిలినవి. ఐతిహ్యము సంపూర్ణ రక్షణ మని నేననను; కాని చాలకాలము రాతికి వేరు రక్షణ లేదు.

చట్టపు రక్షణ ఆలస్యముగా వచ్చినది. 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడినది. నగరపు వారసత్వ జాబితాలో కొన్ని శిలాకృతులకు చోటు దొరకినది. ఆ జాబితాకు ఆధారమైన నిబంధన 2015లో తొలగింపబడినది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు పరిసరమున ‘పుట్టగొడుగు రాయి’ కలదు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరముల వివాదమున దాని పేరు మరల వినవచ్చినది. ఆ యేడు ఏప్రిలులో సుప్రీంకోర్టు అచ్చటి పనులను నిలిపివేసినది. ఈ రాతికి పీరు లేడు, అమ్మవారు లేదు. ఉన్నది పేరొక్కటే. ఆ పేరే దానిని తక్కిన రాళ్లనుండి వేరుచేసి, దాని కొరకు మాటాడుటకు వీలు కల్పించినది.

కావున పరిశోధక విద్యార్థులు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. నగరములో కలిసిపోయిన గ్రామముల గుండ్లకు తెలుగునను ఉర్దూనను ఏ పేర్లున్నవో, ఏ కథ ఎవరి నోట నున్నదో, స్థలనిర్దేశముతో వ్రాసికొనవలెను. రాయి పోయిన వెనుక కథ ఒక తరము నిలుచునేమో. కథ పోయిన వెనుక రాయి అంతకాలము కూడ నిలుచుట కష్టము.