నిర్మల్–కోనసముద్రం ఉక్కు: వనేడియం ప్రశ్న

ఉత్తర తెలంగాణ ఉక్కు చరిత్రలో మూసను గురించి, కొలిమిని గురించి, పారశీక వర్తకులను గురించి చాలినంత చర్చ జరిగింది. ఆ ఉక్కుకు ఆధారమైన ముడి ఇనుములో ఏ మూలకాలు కలిసి ఉండేవన్న ప్రశ్న మాత్రం ఆలస్యంగా ముందుకు వచ్చింది. అందులో ముఖ్యమైనది వనేడియం.

ఈ లోహం భూపటలంలో మరీ తక్కువేమీ కాదు. అయితే విడి ఖనిజంగా, తవ్వుకోదగినంత గాఢతతో దొరకడం అరుదు. సాధారణంగా అయస్కాంత శిలలో కలిసి ఉంటుంది. దీని పెంటాక్సైడు ధూళి ఊపిరితిత్తులకు హానికరం. నేడు గంధకామ్లం తయారీలో ఉత్ప్రేరకంగా ఉపయోగపడేదీ, ఉక్కుకు దార్ఢ్యం కోసం కలిపే లోహానికి మూలమయ్యేదీ ఆ పెంటాక్సైడే. 1801లో మెక్సికోలో దెల్ రియో దీనిని గుర్తించినా ఆ గుర్తింపు నిలవలేదు. 1830లో స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్ ఇనుమును పరిశీలిస్తూ దీనిని తిరిగి కనుగొన్నాడు.

లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు అయిన హెన్రీ వాయ్సే అప్పటికే, 1824లో, మరణించాడు. కరీంనగర్ సరిహద్దుకు దగ్గరగా, నిజామాబాదు జిల్లాలో ఉన్న కోనసముద్రంలో ఉక్కు తయారీని స్వయంగా చూసి అతడు రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. మిర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపురం ఇనుము రెండు పాళ్ళు కలిపి మూసలో వేసేవారని అందులో ఉంది. రసాయన విశ్లేషణ ఎరుగని కమ్మరులు రెండు ఊళ్ళ ఇనుమును వేరుగా గుర్తించి, కొలత ప్రకారం కలిపారన్నమాట. నిర్మల్‌కు తూర్పున ఉన్న దిమ్మదుర్తి ఖనిజాన్ని కూడా వాయ్సే ప్రస్తావించాడు.

మూసల మట్టిలో వరి ఊక కలిపేవారు. కాలిన ఊక మిగిల్చే సిలికా, కార్బను మూసకు గట్టిదనం ఇచ్చేవని 1980లలో థెల్మా లోవ్ పరిశోధన వివరించింది. మూసకు పడిన శ్రద్ధ ముడి ఇనుముకూ పడి ఉంటే మన అవగాహన మరోలా ఉండేది.

డమాస్కస్ కత్తులపై కనిపించే అలల వంటి చారలకు కారణం వెతుకుతూ 1998లో జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే ప్రభృతులు ఒక వాదం ప్రతిపాదించారు. ఉక్కులో శాతంలో వందో వంతు స్థాయిలో వనేడియం వంటి మూలకం ఉన్నా, మాటిమాటికీ కాల్చి సాగగొట్టినప్పుడు కార్బైడు రేణువులు వరుసలు కడతాయని వారు చూపారు. ఆ విద్య అంతరించడానికి తగిన ఖనిజం దొరకకపోవడమే కారణం కావచ్చునని కూడా ఊహించారు.

మొదటి భాగం ప్రయోగంతో నిలిచింది. రెండవదాన్ని తెలంగాణకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు. చారల కత్తుల తయారీ క్షీణించిందని చెప్పే పద్దెనిమిదో శతాబ్దం తరువాత కూడా కోనసముద్రం మూసలు మండుతూనే ఉన్నాయి. పైగా రెండు చోట్ల ఇనుము కలిపే పద్ధతిలో, ఒక గని మారినంత మాత్రాన ఉక్కు గుణం మొత్తం పోయిందనడం కష్టం. తుపాకుల వ్యాప్తితో కత్తులకు తగ్గిన గిరాకీని, చౌకగా వచ్చిన ఐరోపా ఉక్కును పక్కన పెట్టి ఖనిజాన్నే కారణంగా చూపడానికి తెలంగాణలో ఆధారం కావాలి.

ఆ ఆధారం చిట్టెపు దిబ్బలలో ఉంది. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో క్షేత్ర సర్వే జరిపాయి. ఊరికి ఊరుగా ఖనిజం, చిట్టెం, మూస పెంకు, ఉక్కు ముద్ద నాలుగింటిలోనూ వనేడియం పాళ్ళను పోల్చి చూసినప్పుడే వాదం తేలుతుంది. కొలిమిలో ఈ మూలకం కొంత చిట్టెంలోకి, కొంత ఇనుములోకి పోతుంది కాబట్టి ఒక్క కత్తి విశ్లేషణ చాలదు.

తమ దేశంలో ఈ ఉక్కును తయారుచేయబోయి విఫలమయ్యామని పారశీక వర్తకులు వాయ్సేతో చెప్పారు. అందుకే వారు కొలిముల దాకా వచ్చి సరుకు కొనుక్కుపోయేవారు.