కొండకు తాడు కట్టిన పూటకూళ్లు

కొండ మీద హోటలు పెట్టినవాడి మొదటి దిగులు వంట గురించి కాదు, తినడానికి వచ్చేవాళ్ల గురించి. కింద ఊళ్లో అయితే రోడ్డున పోయేవాడు ఆకలేసి లోపలికి వస్తాడు. పైన అలా కుదరదు. గంటల తరబడి చెమటోడ్చి ఎక్కాలి, చీకటి పడకముందే దిగాలి. చంటిపిల్లలున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ ఊసే ఎత్తరు. బోల్జానో పట్టణంలో హోటలు నడిపే జోసెఫ్ స్టాఫ్లర్‌ది ఇదే బెంగ. ఇప్పుడు ఇటలీలో ఉన్న ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోది. ఊరి పక్కనున్న కోలెర్న్ కొండ మీద ఆయనకు ఓ సత్రం ఉండేది. దాని కోసం ఆయన వేయించిన రోప్‌వేలో 1908 జూన్ 29 నుంచి జనం కొండెక్కడం మొదలైంది. ఆల్ప్స్ పర్వతాల్లో మనుషుల్ని మోసిన తొలి రోప్‌వేల్లో అదొకటి.

రోప్‌వేల చరిత్ర అనగానే ఇంజనీర్ల పేర్లే చెబుతారు. వాళ్ల గొప్ప వాళ్లదే, కాదనను. కానీ కొండ కొమ్ము దాకా తాడు లాగి తీరాలన్న పట్టుదల చాలాచోట్ల పైన టీ కాచి, అన్నం పెట్టేవాళ్లదే. ఈ సంగతి చెప్పుకోకుండా కొండ మీద గొండోలాలు, అంటే తాడుకు వేలాడుతూ వెళ్లే పెట్టెలు, ఎలా వచ్చాయో చెప్పడం సగం కథే అవుతుంది.

అసలు తాడు మీద బరువు దాటించడం చాలా పాత విద్య. హిమాలయాల్లో, ఆండీస్‌లో నది మీద తాడు కట్టి దానికి వేలాడుతూ అవతలి గట్టుకు చేరేవారు. దాన్ని యంత్రంగా మార్చిన ఘనత ఆడమ్ వీబె అనే డచ్చి ఇంజనీరుది. 1644లో గ్దాన్స్క్ రేవు పట్టణంలో కోటబురుజు కట్టడానికి కొండ మట్టి కావలసి వచ్చింది. ఆయన గుంజలు పాతి, వాటి మీదుగా చివరా మొదలూ కలిసిపోయిన ఒకే తాడు బిగించి, దానికి వరసగా బుట్టలు వేలాడదీశాడు. గుర్రాలు తిప్పుతుంటే నిండు బుట్టలు ఇటు వచ్చేవి, ఖాళీవి అటు వెళ్లేవి. ఆగకుండా తిరిగే తాడు, దానికి చాలా తొట్లు. నేటి గొండోలా మూలసూత్రం ఇదే. మనుషులకు బదులు మట్టి ఎక్కింది, అంతే తేడా.

మనుషులు ఎక్కాలంటే జనపనార తాడు పనికిరాదు. తడిస్తే కుళ్లుతుంది, లాగితే సాగుతుంది. ఇనుప గొలుసు ఇంకా ప్రమాదం. ఒక్క లంకె విరిగిందంటే బరువంతా పాతాళానికే. జర్మనీలో హార్ట్స్ కొండల గనుల్లో ఈ గొలుసులతో వేగలేక విల్హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి 1834లో ఇనుప తీగెలతో తాడు పేనించాడు. మూడున్నర మిల్లీమీటర్ల తీగెలు నాలుగేసి కలిపి ఒక పాయ, అలాంటివి మూడు పాయలు. ఒక తీగె తెగినా మిగతావి పట్టుకుని ఉంటాయి, తెగిన తీగె పైకి కనిపించి ముందే హెచ్చరిస్తుంది. కొండల మధ్య గాల్లో వేలాడే ప్రతి ప్రయాణికుడి ప్రాణం ఇవాళ్టికీ ఈ ఉపాయం మీదే ఉంది. ఆ తర్వాత లైప్‌జిగ్‌లోని అడాల్ఫ్ బ్లైకెర్ట్ కంపెనీ సరుకుల రోప్‌వేలను ప్రపంచమంతా వేసింది. అర్జెంటీనాలో చిలెసీతో పట్టణం నుంచి ఆండీస్‌లోని గని దాకా సుమారు 35 కిలోమీటర్ల దారి వాళ్లదే. స్టాఫ్లర్ రోప్‌వేను 1913లో తిరగకట్టిందీ వాళ్లే.

స్పెయిన్‌ ఇంజనీరు లియొనార్దో తోరెస్ కెవెదో మరో చిక్కు విప్పాడు. బండిని మోసే తాడు ఒకటి కాకుండా కొన్ని ఉండాలి, ఒక్కోదాని చివర విడివిడిగా బరువు వేలాడాలి అన్నాడు. అప్పుడు ఒక తాడు తెగినా మిగతావాటి బిగువు పెరగదు, ఆ బిగువును నిర్ణయించేది వేలాడే బరువే కాబట్టి. 1887లో పేటెంటు తీసుకుని స్విట్జర్లాండ్ వాళ్లకు చూపిస్తే ఒప్పుకోలేదు. చివరికి 1907లో సాన్ సెబాస్టియన్ దగ్గర ఉలియా కొండ మీద తన దేశంలోనే నిలబెట్టి చూపించాడు. ఆయన రూపకల్పనతో 1916లో నయాగరా దిగువన నీటి సుడి మీదుగా వేసిన ఏరోకార్ ఇప్పటికీ తిరుగుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆల్ప్స్ శిఖరాల మీద కాపు కాసిన ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు తిండి, తూటాలు చేరవేయడానికి వందలకొద్దీ రోప్‌వేలు వేసుకున్నాయి. కొండకు తాడు బిగించే పనివాళ్లు ఆ యుద్ధంలోనే తయారయ్యారు. శాంతి వచ్చాక వాళ్ల నైపుణ్యం యాత్రికులకు పనికొచ్చింది.

ఇక నా మనసుకు దగ్గరైన కొండ, కెనడాలోని బాన్ఫ్ ఊరి పక్కనున్న సల్ఫర్ మౌంటెన్. కాల్గరీలో స్థిరపడిన మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే మొదట తీసుకెళ్లేది అటే. కొండ అడుగున గంధకం వాసన కొట్టే వేడినీటి ఊటలున్నాయి, కొండ పేరు దానివల్లే. స్థానిక ఆదివాసులు ఎరిగిన ఆ ఊటలు 1883లో ముగ్గురు రైల్వే పనివాళ్ల కంటపడ్డాయి. రెండేళ్లకు ప్రభుత్వం ఆ చుట్టుపక్కల నేలను తన కింద ఉంచుకుంది. కెనడా మొదటి జాతీయ పార్కు అలా మొదలైంది.

కొండ పైన మాత్రం అప్పట్లో హోటళ్లు లేవు, తాళ్లూ లేవు. ఒక చిన్న రాతి గది ఉండేది. 1903లో వాతావరణ పరిశీలనకు కట్టారు. బాన్ఫ్ మ్యూజియం చూసుకునే నార్మన్ శాన్సన్ వెళ్లి అందులోని పరికరాల లెక్కలు రాసుకుని రావాలి. ఎండైనా మంచైనా ఆయన నడిచే వెళ్లాడు. దాదాపు డెబ్భై ఏళ్ల వయసులో, 1931లో, వెయ్యోసారి ఎక్కాడు! శిఖరానికి ఇప్పుడు ఆయన పేరే. పలు దేశాలు కలిసి భూమిని పరిశోధించిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం కోసం 1956లో అదే శిఖరం మీద అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను లెక్కించే కేంద్రమొకటి వెలిసింది. 1978 దాకా పనిచేసింది. కట్టడం ఇప్పుడు లేదు, ఆ చోటును జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు.

జాన్ యేగీ ఈ కొండ మీదికే వచ్చాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టి బాన్ఫ్‌లో స్థిరపడిన ఈయన కొండ మీద టీ హోటలు నడిపాడు. స్టాఫ్లర్‌కు ఎదురైన సమస్యే ఈయనకూ. ట్రాక్టరు మీద జనాన్ని పైకి చేర్చి చూశాడు. అది ఎన్నాళ్లని సాగుతుంది? పుట్టిన దేశంలో చూసిన తాడు గుర్తుకొచ్చి ఉంటుంది. పట్టుబట్టి అనుమతులు సాధించి, లూసెర్న్‌లోని బెల్ కంపెనీ చేత గొండోలా వేయించాడు. 1959లో అది తిరగడం మొదలైంది. కింది స్టేషన్ నుంచి పైదానికి 698 మీటర్ల ఎత్తు. ఎనిమిది నిమిషాల ప్రయాణం, పెట్టెకు నలుగురు.

ఆ ఎనిమిది నిమిషాల్లో మొదటి అర నిమిషం గమనించండి. స్టేషన్‌లో పెట్టె పట్టాల మీద మెల్లగా జరుగుతుంటుంది, అప్పటికి దానికీ తాడుకూ సంబంధం లేదు. మనం ఎక్కుతాం, తలుపు మూసుకుంటుంది. నెత్తి మీద ఉక్కు పట్టు లాగే తాడును ఠక్కున కరుస్తుంది, చిన్న కుదుపు. అక్కడి నుంచి చక్రాలు ఒక తాడు మీద దొర్లుతాయి, రెండో తాడు లాక్కుపోతుంది. స్తంభం దాటేటప్పుడు గడగడమంటుంది. కొత్తవాళ్లు అక్కడే కడ్డీ గట్టిగా పట్టుకుంటారు. చక్రాలు స్తంభం నెత్తినున్న ఆధారాన్ని దాటుతున్న చప్పుడది, భయపడక్కర్లేదు.

భోజనానికీ తాడుకూ ఉన్న బంధం యేగీతో ఆగలేదు. స్విట్జర్లాండ్‌లో షిల్ట్‌హార్న్ శిఖరానికి 1967లో రోప్‌వే వేశారు. పైన గుండ్రంగా తిరిగే రెస్టారెంటు సగం కట్టుబడిలో డబ్బుకు కటకటలాడుతుంటే జేమ్స్‌బాండ్ సినిమా తీసేవాళ్లు వచ్చారు. షూటింగుకు చోటిస్తే లోపలి పనులు మేం చేయిస్తామన్నారు. 1969లో విడుదలైన ఆ సినిమాలో విలన్ స్థావరానికి పెట్టిన పిజ్ గ్లోరియా అనే పేరే ఇవాళ ఆ రెస్టారెంటుకు ఉంది.

సల్ఫర్ మౌంటెన్ మీది స్టేషన్‌ను 2016లో పెద్దది చేశారు. యేగీ టీ హోటలుకు వారసుల్లా అద్దాల గోడల రెస్టారెంట్లు వచ్చాయి. ఇంత వైభవం వచ్చినా అక్కడ నడకదారిని మూసేయలేదు, నాకు నచ్చేది అదే. దేవదారు జాతి చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ ఐదున్నర కిలోమీటర్ల కాలిబాట ఇప్పటికీ పైదాకా ఉంది. మన శ్రీశైలంలో పాతాళగంగకు రోప్‌వే వచ్చాక కూడా మెట్లదారి ఉన్నట్టే. రెండు దారులూ ఉంటేనే కొండ అందరిదీ అవుతుంది. నడవలేనివాళ్లు తాడు మీద వస్తారు, నడిచేవాళ్లు నడుస్తారు. పైన స్టేషన్ నుంచి శాన్సన్ శిఖరానికి చెక్కలు పరిచిన బాట వేశారు. ఆ ఎత్తులో మొక్క ఒకసారి కాలి కింద నలిగితే మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది, అందుకని.

అక్కడికి వెళ్లేవాళ్లకు నా మాట ఒక్కటే. రెస్టారెంటు దగ్గరే ఫొటోలు దిగి తిరుగు పెట్టె ఎక్కేయకండి. చెక్కబాట దాటి కాలు కింద పెట్టకండి, ఉడుతలకు చిప్స్ వేయకండి. పార్కులో జంతువులకు తిండి పెట్టడం నేరం. జూలైలో కూడా పైన చలిగాలి కోస్తుంది, స్వెట్టరు మరవద్దు. శాన్సన్ అన్నేళ్లు చేసిన పనికి సాక్ష్యంగా ఆ రాతి గది శిఖరం మీద ఇంకా ఉంది. అక్కడిదాకా వెళ్లి చూసి రండి.