రాజభాషయు భాషాపట్టభద్రుని జీవికయు: జహీరాబాదు ప్రాంతపు సాక్ష్యము

భాషాసాహిత్యములలో పట్టము పొందినవానికి జీవనోపాధి యేమి? మా శాఖలో ప్రవేశము కోరి వచ్చు విద్యార్థికంటె ముందుగా వాని తండ్రియే ఈ ప్రశ్న వేయును. భాషలకు గిరాకి తగ్గినదని లోకము చెప్పు సమాధానము చరిత్రపరీక్షకు నిలువదు. భాషాపట్టమునకు ఉద్యోగపు విలువ పాండిత్యమునుబట్టి యేర్పడినది కాదు. ప్రభుత్వము ఏ భాషలో కాగితము నడుపుచున్నదో, ఆ భాషకై ఎన్ని కొలువులు ప్రత్యేకించినదో దానినిబట్టి యేర్పడినది. ఇందుకు జహీరాబాదు ప్రాంతము మంచి సాక్ష్యము. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగును సంతలో వినబడు ఈ సరిహద్దు సీమ నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమందలి బీదరు జిల్లాలోనిది.

నిజాం రాజ్యమున పారసీకము చిరకాలము కచేరీభాషగా నుండి, 1884లో ఉర్దూకు చోటిచ్చెను. ఇంటిలో తెలుగు మాటలాడు బాలుడు గిర్దావరు కావలెనన్నను, వకీలు కావలెనన్నను ఉర్దూ తప్పదయ్యెను. అయినను భాష చదివినవానికి ఆ మార్పు తెచ్చినది గుమాస్తాగిరియే. అంతకు మించిన స్థానము 1917లో కలిగెను. ఆ యేట ఏప్రిల్ నెలలో ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వెలువడగా, అదే సంవత్సరము దారుల్ తర్జుమా యను అనువాదసంస్థ యేర్పడెను. ఉన్నతవిద్యను ఉర్దూలో బోధింపవలెనన్న సంకల్పమునకు పుస్తకములు కావలెను. పుస్తకములకు అనువాదకులు కావలెను. అనువాదకులకు జీతములు కావలెను. ఈ మూడవ యంశమును ఆ ప్రభుత్వము మరువకపోవుటయే విశేషము. మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆ సంస్థకు తొలి అధ్యక్షుడు. అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, జోష్ మలీహాబాదీ వంటివారు ఉత్తరదేశమునుండి వచ్చి అందు కొలువు చేసిరి. పారిభాషికపదములను నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులను, భాషావేత్తలను ఒక్క సమితిలో కూర్చుండబెట్టిరి. శాస్త్రమందలి ఒక మాటకు అరబ్బీధాతువు తగునా, వాడుకమాట తగునా యని వాదించుటకు నెలజీతము లభించిన కాలమది!

ఆ విశ్వవిద్యాలయముననే 1919 నాటినుండి రాయప్రోలు సుబ్బారావుగారు తెలుగు బోధించిరి. కాని తెలుగు అచ్చట పాఠ్యవిషయము మాత్రమే, బోధనాభాష కాదు. అందుచే తెలుగు చదివినవానికి మరల తెలుగు చెప్పుటయే వృత్తి యయ్యెను. ఈ వలయమునుండి మనమింకను పూర్తిగా బయటపడలేదు.

1948 తరువాత ఉస్మానియాలో బోధనాభాష ఆంగ్లమునకు మారెను. ఉర్దూలో పట్టము పొందినవాని విద్య తరుగలేదు. దాని ధర తరిగెను. 1956 నవంబరు 1న జరిగిన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, నారాయణఖేడ్ తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలు ఆంధ్రప్రదేశమున చేరి మెదకు జిల్లాలో కలిసెను. నిర్ణా మైసూరు రాష్ట్రమునకు పోయెను. నిన్నటివరకు ఒకే తాలూకాలోనున్న బాలురలో ఒకనికి కొలువునకు కన్నడమును, వేరొకనికి తెలుగును అవసరమయ్యెను. వారు నేర్చిన చదువులో రాత్రికి రాత్రి వచ్చిన మార్పేమియు లేదు.

ఇక తెలుగు సంగతి. 1966లో అధికారభాషా చట్టము, 1968లో తెలుగు అకాడమి, 1974లో అధికారభాషా సంఘము వచ్చెను. అకాడమి పాఠ్యగ్రంథములను, పదకోశములను వెలువరించి పలువురు భాషావేత్తలకు పని కల్పించినమాట నిజము. కాని కార్యాలయములలో తెలుగు నడుపుమని చట్టము చెప్పెనే కాని, అందుకై తెలుగు పట్టభద్రుని నియమింపుమని గట్టిగా చెప్పలేదు. హిందీ విషయమున కేంద్రప్రభుత్వము వేరుమార్గము త్రొక్కెను. 1963 నాటి చట్టమునకు 1976లో నియమావళి తోడై, కేంద్రకార్యాలయములలోను జాతీయబ్యాంకులలోను హిందీ అనువాదకుల, రాజభాషాధికారుల పదవులు స్థిరపడెను. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఉర్దూను రాష్ట్రమంతట రెండవ అధికారభాషగా జేసిన పిమ్మట ఉర్దూ అధికారులను నియమించెను. పాఠశాలలలో తెలుగును నిర్బంధము చేసిన 2018 నాటి చట్టము మాత్రము మరల ఉపాధ్యాయపదవికే దారి చూపినది. అది చిన్న మేలు కాదు. అయినను పాత వలయమే.

జహీరాబాదు ప్రాంతమునుండి వచ్చిన మా పరిశోధక విద్యార్థి యొకడు చెప్పిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. అతడు తాతవద్ద ఉర్దూ లిపి నేర్చెను. తెలంగాణమున భూమి తగవులు వచ్చినపుడు నేటికిని 1954-55 నాటి ఖాస్రా పహాణీని తిరుగవేయుదురు. ఆ కాలపు దస్తావేజులు పెక్కు ఉర్దూలో నున్నవి. వాటిని చదివి తెలుగుచేయగల వృద్ధులు తరిగిపోవుచుండగా, న్యాయవాదులు ఇతనికొరకు కబురు పంపుచున్నారట. రాజ్యము గతించి డెబ్బదియేండ్లు దాటినను దాని కచేరీభాష ఒక తెలుగు విద్యార్థికి రాబడి తెచ్చుచున్నది. పాతదస్తావేజుల పఠనమును, ఉర్దూనుండియు కన్నడమునుండియు అనువాదమును మన తెలుగు శాఖలు ప్రధాన పాఠ్యాంశములుగా తలచుట అరుదు. ఉద్యోగపు దరఖాస్తులో ఆ విద్యను వ్రాయుటకు గడి యెచ్చటను కనబడలేదని చెప్పి అతడు నవ్వెను.