గొట్టం పెద్దది, నమ్మకం చిన్నది



చిన్నప్పుడు ఠాణా ముందు కాపలా పోలీసు భుజాన ఉండే ‘410 మస్కెట్’ గుర్తుందా? అది పుట్టుకతో సైన్యం వాడిన 303 రైఫిలే. బ్రిటిష్ వారి కాలంలో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో ఆ గొట్టాన్ని 7.7 మిల్లీమీటర్ల నుంచి సుమారు 10.4కు తొలిచారు. గుండును తిప్పే లోపలి గాడులు పోయాయి. తూటాల పెట్టె చోట చెక్కముక్క బిగించారు. ఇక ఒక్కసారికి ఒకే తూటా.

గొట్టం పెద్దదైతే బలం పెరుగుతుందనుకుంటాం. ఇక్కడ తగ్గింది. గాడులు లేని గుండు దూరం తిన్నగా పోదు. 1857 తిరుగుబాటును మరచిపోని దొరలకు కావలసిందీ అదే: కాపలాకు చాలాలి, ఎవరైనా లాక్కుపోయినా సైన్యానికి ఎదురు నిలవకూడదు.

దొరలు వెళ్ళాక కూడా మన పోలీసులు దశాబ్దాలపాటు దాన్నే మోశారు. పరాయివాడి అనుమానం మన భుజాలమీదే ఉండిపోయింది.

మీ ఇంట్లో ఎవరైనా దాన్ని మోసి ఉంటే, ఆ జ్ఞాపకం రాయండి.