తుపాకి దింపిన చేతులకు కొలువు

పరీక్ష ప్యాసైన నాడే పేరు నమోదు చేయించుకొని, గడువు తీరకమున్నే కార్డు రెన్యువలు చేయించుకొనుచు, పిలుపు కొఱకు ఏండ్ల తరబడి ఎదురుచూచిన కృష్ణామండల యువకులకు ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి సుపరిచితమే. కాని ఆ కచేరి ఆదిలో వారి నిమిత్తమై వెలసినది కాదనియు, రెండవ ప్రపంచసంగ్రామము ముగియుచుండగా 1945 జూలైలో, సేననుండి విడుదలయగు సిపాయిలకును యుద్ధపరిశ్రమలలో పని పోయిన కార్మికులకును జీవనోపాధి చూపుటకై భారత ప్రభుత్వము నెలకొల్పిన సంస్థయనియు ఎఱిగినవారు నేడు అరుదు.

కుంఫిణీ కాలమున మద్రాసు సైన్యమునకు వెన్నెముకగా నిలిచిన తెలుగువారిని, 'యుద్ధజాతులు' వాయవ్యదిశయందే కలవను ఆంగ్ల సేనాధిపతి రాబర్ట్సు ప్రభృతుల సిద్ధాంతము పందొమ్మిదవ శతాబ్దాంతమున సేనకు దూరము చేసినది. ఆ సిద్ధాంతము తప్పని నిరూపించుటకు మఱల ప్రపంచయుద్ధములే రావలసివచ్చెను. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడిన పిదప యుద్ధము మన కోస్తాకు పరోక్షవార్తగా మిగులలేదు. ఇరువదియైదు లక్షలకు చేరిన భారతసేనలో మద్రాసు రాజధాని నుండి చేరినవారు అసంఖ్యాకులు. వారిలో కేవలము తుపాకి పట్టినవారే కాక, లారీ నడుపుట, తంతివార్తలు పంపుట, యంత్రములు బాగుచేయుట, క్షతగాత్రులకు శుశ్రూష చేయుట నేర్చినవారును పెక్కుమంది కలరు. బర్మా సరిహద్దునుండియు ఇటలీనుండియు తిరిగివచ్చిన వారిలోని కృష్ణాతీర గ్రామస్థులు, బెజవాడ జంక్షనులో దిగి, గుడివాడ, బందరు మార్గముల బండ్లెక్కి ఇండ్లకు చేరినప్పుడు, వారి చేతిలో విద్యయుండెను, పని లేకుండెను. వాటాలు పంచుకొని సన్నగిల్లిన పొలములో అన్నదమ్ములకు వారి అక్కఱ అంతగా లేదు.

ఇట్టి దుస్థితిని పాలకులు కొంత ముందుగనే ఊహించిరి. యుద్ధకాలమున ఖాళీ పడిన కేంద్రోద్యోగములలో అధికభాగమును స్థిరముగా నింపక, యుద్ధసేవ చేసి వచ్చువారి కొఱకు నిలిపియుంచిరి. అమెరికాలో 1944 జూనులో ఇదే ఆశయముతో ప్రత్యేక శాసనమే వెలువడెను. అయితే మన దేశమున సిపాయిల కొఱకు పుట్టిన ఎక్స్ఛేంజి 1948లో సర్వనిరుద్యోగులకును తెఱవబడి, 1956 నవంబరులో రాష్ట్రముల పాలనకు వచ్చెను. అందఱకును ద్వారము తెఱచుట ధర్మమే. కాని ఆ వరుసలో సిపాయి పదిమందిలో ఒకడై పోయెను. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారి గతి మఱింత శోచనీయము: స్వతంత్ర భారతము వారిని సేనలోనికి తిరిగి తీసికొనలేదు. సమరయోధుల పింఛను వారికి దక్కుటకు 1972 వఱకు వేచియుండవలసివచ్చెను.

1965 నాటి పాకిస్తాను యుద్ధానంతరము, 1966లో, కేంద్రోద్యోగముల మూడవ తరగతిలో నూటికి పదియు నాలుగవ తరగతిలో నూటికి ఇరువదియు మాజీ సైనికులకు ప్రత్యేకింపబడెను; 1979లో అవి సమగ్రనియమావళి రూపము దాల్చెను. మన రాష్ట్ర నియామకములలో వారి వంతు నూటికి రెండు. ఈ అంకెలలో నన్ను బాధించునది వాని స్వల్పత్వము కాదు, వాని వాలు. ఉద్యోగము దిగువకు పోయిన కొలది వాటా హెచ్చుచున్నది. జవాను సాధారణముగా పదిహేను, పదిహేడేండ్ల సేవానంతరము, నలువదేండ్లైనను నిండకమునుపే, పిల్లల చదువులు సగములో నుండగా ఇల్లు చేరును. ఊరివారు 'మిలిటరీ ఆయన' అని గౌరవముగా పిలుచు ఆ మనుజుడు వైర్‌లెస్సు నిపుణుడైనను సరే, బ్యాంకు గుమ్మమువద్ద తుపాకితో నిలువబడు కొలువే అతనికి సహజమని మనము భావించితిమి. ఆ కొలువు హీనమని నా అభిప్రాయము కాదు. అతని విద్యను అడిగి తెలిసికొనకయే అతని దేహమును మాత్రము కొలువుకు పిలిచితిమని నా విచారము. ప్రత్యేకించిన స్థానములును కాగితముపై నున్నంత నిండుగా ఆచరణలో నిండలేదు.

మార్కులు వచ్చిన పట్టభద్రుని వెనుకకు నెట్టి మాజీ సిపాయికి స్థానమిచ్చుట సమానత్వమునకు భంగము కాదా యను ప్రశ్న న్యాయమైనదే. రాజ్యాంగము పదునాఱవ అధికరణమున అందఱకును సమానావకాశము వాగ్దానము చేసినది. కాని పట్టభద్రుడు పుస్తకము పట్టి పరీక్షలకు సిద్ధమైన వయసును ఇతడు మంచుకొండలమీద కాపలాకు ధారపోసినాడు. ఆ యేండ్లను అతనికి ఎవరును తిరిగి ఈయజాలరు. వయఃపరిమితిని లెక్కించునప్పుడు సైనికసేవాకాలమును మినహాయించు నియమము ఈ సత్యమును గుర్తించినదే.

2022లో అగ్నిపథము వచ్చినది. నాలుగేండ్లు సేవించిన పిదప నలువురిలో ఒకనినే సేనలో నిలుపుకొని తక్కినవారిని పంపివేయు ఈ విధానమున, సాధారణముగా ఇరువదియైదేండ్లైనను నిండని యువకులు గ్రామములకు తిరిగివత్తురు. ఆ యేడు కేంద్ర సాయుధ పోలీసు దళములలో నూటికి పది స్థానములు వారికని ప్రకటించిరి. అనగా మఱల తుపాకియే. సేనలో విద్యుద్యంత్రములు నేర్చిన కుఱ్ఱవానికి ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రములోనో, సంకేతవిద్య నేర్చినవానికి బెజవాడ రైల్వే సిగ్నలు శాఖలోనో నేరుగా చోటు దొరకునట్లు, సేన యిచ్చు యోగ్యతాపత్రమును ఐ.టి.ఐ. సర్టిఫికెట్టుతో సమముగా చెల్లనిచ్చి, నియామక నిబంధనలను వారు ఇల్లు చేరకమున్నే సవరింపవలయును.